డాక్టరు వాల్టర్ డాండీ జీవితము

కాటకములకు పేరువడిన రాయదుర్గ ప్రాంతమున బావి త్రవ్వుటలోని కష్టము నెరుగనివారు లేరు. భూమిలోపల జల యెచ్చట నున్నదో తెలియక త్రవ్విన బావి ధనమును, శ్రమమును మ్రింగివేయును. మెదడు లోతున పుట్టిన కంతిని వెదకిన పూర్వపు శస్త్రవైద్యుల స్థితియు నట్టిదే. కాని యచ్చట పోవునది ప్రాణము. ఆ చీకటిలో దారి చూపిన వాల్టర్ ఎడ్వర్డ్ డాండీ చరిత్రము మన విద్యార్థు లెల్లరు నెరుగదగినది.

ఈయన 1886 ఏప్రిల్ 6వ తేదీన అమెరికాలోని మిస్సూరి రాష్ట్రమున, సెడేలియా పట్టణమున జన్మించెను. తండ్రి రైలింజను నడుపు ఉద్యోగి. డాండీ 1910లో బాల్టిమోరులోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్యకళాశాలలో పట్టము పొంది, సుప్రసిద్ధుడగు హార్వే కుషింగ్ కడ పరిశోధన చేసెను. 1912లో గురువు బోస్టనునకు తరలిపోగా శిష్యుడు బాల్టిమోరుననే నిలిచెను. పిమ్మట వారిరువురి నడుమ వైరము పొడమెను. చెవినరముపై పుట్టు కంతిని సమూలముగ తీయు విధానమును 1922లో డాండీ ప్రకటింపగా నది మఱింత ప్రబలెను.

ఆనాడు ఎక్స్‌రే పుర్రె యెముకను చూపునే గాని, మెదడును కంతిని వేరుపరచి చూపజాలకుండెను. తలనొప్పి, వాంతులు, చూపు మందగించుట యనునవి కంతి యున్నదని తెలిపినను, దాని తావును తెలుపవు. తావు తప్పి పుర్రెను తెరచినచో రోగికి మేలు లేదు. ప్రేగులలోని వాయువు ఎక్స్‌రే పటమున నల్లగ స్పష్టపడుటను డాండీ గమనించెను. 1918లో నాతడు మెదడులోని కుహరములందలి నీటిని తీసి, గాలి నింపి, పటము తీయు పద్ధతిని ప్రకటించెను. కుహరము ప్రక్కకు ఒరిగినను, కొంతభాగము గాలి నిండకున్నను, కంతి యెచ్చట నదుముచున్నదో తెలిసిపోవును. మరుసటి యేట వెన్నెముక మార్గమున గాలి నెక్కించు విధమునుగూడ తెలిపెను.

ఈ పరీక్ష రోగికి మిక్కిలి బాధాకరము, కొందరికి ప్రాణాపాయకరమును. అయినను దీనివలన, వెదకుటకే వీలులేని కంతులు శస్త్రమునకు అందుబాటులోనికి వచ్చెను. మెదడు నడిబొడ్డుననుండు మూడవ కుహరపు కంతులను గూర్చి డాండీ 1933లో గ్రంథము ప్రకటించెను. 1937లో మెదడు రక్తనాళపు ఉబ్బును లోహపు పట్టుతో బిగించి రోగిని కాపాడెను. 1946 ఏప్రిల్ 19వ తేదీన హృద్రోగముచే దివంగతుడయ్యెను.

మన దేశమున 1949లో వెల్లూరునందు జాకబ్ చాండీ, 1950లో మద్రాసునందు రామమూర్తి ఈ శస్త్రవైద్యమునకు ప్రత్యేకశాఖలను నెలకొల్పిరి. నాడు రాయదుర్గము మద్రాసు రాష్ట్రపు బళ్లారి జిల్లాలోనిదే. 1971లో సి.టి. యంత్రము మొదటిసారి రోగి మెదడును చూపిన పిదప గాలిపరీక్ష క్రమముగ మరుగుపడెను. కోయుటకు ముందు తావు నెరుగవలెనను డాండీ సూత్రము మాత్రము నిలిచియున్నది.

ఇంజను నడుపువాని బిడ్డకు విద్య దొరకుటచే నెన్ని ప్రాణములు నిలిచెనో చూడుడు. మన యిండ్లలోని పేదబాలురకు చదువు చెప్పించు దాతల ధనము జల పడిన బావివంటిది. అది తరతరములకు నీరిచ్చును.