పహండి కుపార్ లింగో

పహండి కుపార్ లింగో గోండుల పురాణగాథలలోని ఆదిపురుషుడు, ధర్మకర్త. తెలంగాణలోని పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో నివసించే రాజ్ గోండులు ఇతనిని పహండి కుపార్ లింగల్ అని కూడా పిలుస్తారు. ఇతను అవివాహితుడు, సంతానం లేనివాడు. అయినప్పటికీ గోండులందరూ ఇతనిని తమ మూలపురుషునిగా కొలుస్తారు. రక్తసంబంధం వలన కాక, చెర నుండి విడిపించి కట్టుబాట్లు నేర్పినందువలన ఇతనికి ఈ స్థానం లభించింది.

కథకు ఆధారాలు

లింగో గాథ తరతరాలుగా మౌఖికంగా వస్తున్నది. నాగపూరులో పనిచేసిన మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ సేకరించిన పాఠాన్ని ఆయన మరణానంతరం రిచర్డ్ టెంపుల్ 1866లో ప్రచురించాడు. ఆదిలాబాదు ప్రాంతపు పాఠాలను క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940 దశకంలో సేకరించాడు. ప్రాంతాన్ని బట్టి కథలో భేదాలు ఉన్నాయి. క్రింది వృత్తాంతం ప్రధానంగా 1866 నాటి పాఠాన్ని అనుసరించినది.

జననం, అగ్ని సంపాదన

తొలి గోండులు శుచి, నియమం లేక సంచరిస్తుండగా మహాదేవుడు ఆగ్రహించి వారిని ఒక కొండగుహలో బంధించి, ద్వారానికి పెద్ద బండను అడ్డుపెట్టించాడు. నలుగురు అన్నదమ్ములు మాత్రం తప్పించుకొని అడవిలో తలదాచుకున్నారు.

లింగో పహండి పువ్వు నుండి జన్మించాడు. పెరిగి పెద్దవాడై ఆ నలుగురిని కలుసుకొని, అడవి నరికి వరి పండించడం నేర్పాడు. పంటను మేసిన జంతువులను వారు వేటాడారు గాని, మాంసం కాల్చుకోవడానికి నిప్పు లేదు. నిప్పు రికాడ్ గవడి అనే రాక్షసుని వద్ద ఉన్నది. లింగో సొరకాయ బుర్రతో తంత్రీవాద్యం చేసుకొని, చెట్టెక్కి వాయించాడు. ఆ నాదానికి రాక్షసుడు పరవశించి నృత్యం చేశాడు. ఈ విధంగా బలప్రయోగం లేకుండానే లింగో అతనిని మంచి చేసుకొని, అతని ఏడుగురు కుమార్తెలను తీసుకువచ్చి ఆ అన్నదమ్ములకు వివాహం చేశాడు. తాను మాత్రం వివాహానికి అంగీకరించలేదు.

మరణం, పునర్జీవనం

ఆ స్త్రీలు లింగోను కోరి, అతను తిరస్కరించగా, భర్తలతో అతనిపై నిందలు చెప్పారు. విచారణ లేకుండానే అన్నదమ్ములు లింగోను చంపి, అతని కనుగ్రుడ్లతో ఆటలాడుకున్నారు. తరువాత భగవంతుడు పంపిన కాకి అతని శరీరాన్ని కనుగొన్నది. అమృతం చల్లగా లింగో తిరిగి బ్రతికాడు. అతను ప్రతీకారం తలపెట్టలేదు. ఆ నలుగురిని విడిచి, గుహలో మగ్గుతున్న మిగిలిన గోండులను వెదకుతూ బయలుదేరాడు.

గుహ నుండి విముక్తి

లింగో ఘోర తపస్సు చేసి, గోండుల విడుదలను వరంగా కోరాడు. మహాదేవుడు బిందో పక్షి పిల్లలను తెమ్మని షరతు పెట్టాడు. ఆ పక్షి పిల్లలను ఒక మహాసర్పం మ్రింగుతూ ఉండేది. లింగో ఆ సర్పాన్ని ఏడు ముక్కలుగా నరికి పిల్లలను కాపాడాడు. కృతజ్ఞతతో పక్షి స్వయంగా అతనిని మహాదేవుని వద్దకు చేర్చింది. అంతట గుహ తెరుచుకున్నది.

తిరుగు ప్రయాణంలో వరద వచ్చి నలుగురు వెనుకబడ్డారు. నది దాటిస్తానన్న మొసలి వారిని ముంచబోగా తాబేలు రక్షించింది. తాబేలుకు ఎన్నడూ హాని చేయమని వారు మాట ఇచ్చారు.

ఆదిలాబాదు కథనాలలో గుహలో చిక్కుకున్నవారిని గోండుల దేవతలుగానే వర్ణిస్తారు. విముక్తిలో జంగుబాయి అనే దేవత పాత్ర కూడా ఈ కథనాలలో ప్రముఖమైనది.

సగల వ్యవస్థ

లింగో చేసిన ముఖ్యమైన కార్యం గోండులను సగలుగా విభజించడం. ఆదిలాబాదు ప్రాంతంలో నాలుగు సగలు ఉన్నాయి. అవి ఏర్వేన్ (ఏడు), సార్వేన్ (ఆరు), సివేన్ (అయిదు), నాల్వేన్ (నాలుగు). ఒక్కొక్క సగలో అనేక ఇంటిపేర్లు ఉంటాయి. ఒకే సగకు చెందినవారు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళతో సమానం కనుక వారి మధ్య వివాహం నిషిద్ధం. వంశదైవమైన పెర్సాపేన్ ఆరాధన, వివాహవిధులు కూడా లింగో నేర్పినవే అని నమ్మకం. ఇవన్నీ స్థాపించి, తాబేలుకు ఇచ్చిన మాట తప్పవద్దని హెచ్చరించి లింగో అంతర్ధానమయ్యాడు.

ఆరాధన, పరిరక్షణ

మహారాష్ట్రలోని గోందియా జిల్లా కచార్‌గఢ్ గుహను లింగో తెరిచిన గుహగా భావించి మాఘపూర్ణిమకు గోండులు యాత్ర చేస్తారు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలోని జంగుబాయి గుహాలయంలో పుష్యమాసంలో ఉత్సవం జరుగుతుంది.

ఈ గాథను కాపాడినవారు పర్ధానులు. వారు కిక్రి అనే తంత్రీవాద్యం వాయిస్తూ గోండుల వంశగాథలను గానం చేస్తారు. గోండులకు ఈ గాథ వినోదం మాత్రమే కాదు. ఎవరు ఎవరికి బంధువు, ఎవరితో వియ్యం పొసగుతుంది, ఏ దైవాన్ని కొలవాలి అనే ప్రశ్నలకు సమాధానాలు ఇందులోనే ఉన్నాయి. గ్రంథస్థమైన పాఠాలు కథను నిలుపగలవు గాని, ప్రతి వంశానికి దాని స్థానాన్ని సభలో గుర్తుచేసే పని గాయకునిదే. కావున కిక్రి గానం మూగబోతే గోండులు పోగొట్టుకునేది ఒక పాటను మాత్రమే కాదు, తమ ధర్మశాస్త్రాన్ని కూడా.