యంత్రమే గురువైన నాయుడుగారు

గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు 1893 మార్చి 23వ తేదీన కోయంబత్తూరు చెంతనున్న కలంగల్ గ్రామమున తెలుగు రైతు కుటుంబమునందు జన్మించిరి. బడిచదువు వారికి రుచింపలేదు. దొర యొకడు ఎక్కివచ్చిన రడ్జి మోటారు సైకిలును చూచినది మొదలు మనస్సంతయు దానిపైననే నిలిచెను. 1914లో మాన్ ద్వీపపు పెద్ద పందెమును గెలిచినది ఆ కంపెనీ బండియే. నాయుడుగారు కోయంబత్తూరు హోటలులో వడ్డనపని చేసి, కూడబెట్టిన సొమ్ముతో మోటారు సైకిలును కొనిరి. కొని చేసిన మొదటి పని దానిని మరమరగా ఊడదీయుట!

పిస్టను క్రిందుమీదుగా ఆడుటను క్రాంకుషాఫ్టు చక్రభ్రమణముగా మార్చును. దాని సానపట్టులో వెండ్రుకవాసి తప్పున్నను, వేగము హెచ్చినకొలది బేరింగులు కాలిపోవును. ఇట్టి మర్మములను పుస్తకమున గాక చేతివ్రేళ్ళతో నేర్చినవారిని మేము పండితులనియే యందుము. శంకరంపేటలో ఇంజనులు బాగుచేయు మిస్త్రీలను తేలికగా చూచు పెద్దలు దీనిని గమనింతురుగాక.

1920లో పొల్లాచి, పళనుల నడుమ ఒక బస్సుతో ఆరంభించి వారు గొప్ప రవాణా సంస్థను నెలకొల్పిరి. 1937లో తొలి దేశీయ విద్యుత్తు మోటారు వారి కృషివలన కోయంబత్తూరున వెలువడెను. నీటికై మోట తోలి అలసిన మెట్టరైతునకు దాని విలువ వేరుగ చెప్పవలెనా?

1952లో రెండు వేల రూపాయల ఖరీదుకే ఇరువురు కూర్చుండదగిన పెట్రోలు కారును సిద్ధపరచిరి. పరదొరతనము తొలగి అయిదేండ్లయ్యెను. అయినను అనుమతి నిరాకరించినది మన ప్రభుత్వమే. తయారీ నిలిచిపోయెను. దీనిని మేము క్షమింపజాలము. నాయుడుగారు 1974 జనవరి 4వ తేదీన కీర్తిశేషులైరి.