ఎర్ర మాత్ర వెనక ఉన్న మన భీమవరం డాక్టరు గారు

కడుపుతో ఉన్నప్పుడు ఆశా కార్యకర్త ఇచ్చే ఎర్ర మాత్ర మనందరికీ తెలుసు. అందులో ఐరన్‌తో పాటు ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుంది. దాన్ని తయారుచేసే పద్ధతి కనిపెట్టిన బృందానికి పెద్ద మన తెలుగాయనే, డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ ఇబ్బందే. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాక గాంధీ గారి పిలుపు విని ఖద్దరు కట్టారు. అది నచ్చని తెల్ల ప్రొఫెసర్ వల్ల ఎంబీబీఎస్ రాలేదు, దానికంటే తక్కువ డిగ్రీ ఇచ్చారు.

ఆ రోజుల్లోనే స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో ఆయన అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో పోయారు. ఆ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది. ఆ దుఃఖం ఆయన్ని జీవితాంతం వదల్లేదు.

1922లో మామగారి సాయంతో అమెరికా వెళ్లారు. బోస్టన్‌లో పగలు చదువు, రాత్రి ఆస్పత్రిలో రోగుల మలమూత్రాలు ఎత్తే పని. తర్వాత హార్వర్డ్‌లో మన కండరాలకు శక్తి ఎలా అందుతుందో పరిశోధించి పేరు తెచ్చుకున్నారు. ఇక్కడ భార్య శేషగిరి గారు ఆయన కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. పుట్టిన బాబు పసితనంలోనే పోయాడు. ఆయన మళ్లీ మన దేశానికి రానేలేదు. ఆయన గొప్పతనం చెప్పుకునేటప్పుడు ఆ తల్లి పడిన బాధ కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో సంగతి. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చారు. అక్కడ మిల్లుల్లో పనిచేసే గర్భిణులు రక్తహీనతతో చనిపోతున్నారు. ఈస్ట్ నుంచి తీసిన పదార్థం తినిపిస్తే వాళ్లు కోలుకోవడం ఆమె గమనించారు. అందులో ఏముందో అప్పటికి ఎవరికీ తెలియదు. అదే ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరిన సుబ్బారావు గారి బృందం 1945లో దాన్ని ల్యాబులో తయారుచేసింది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూ జబ్బుకూ అదే మందయింది.

ఆయన బృందం అంతటితో ఆగలేదు. బోదకాలు జబ్బుకు వాడే మందు, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్ కూడా అక్కడివే. 1956లో అమెరికాలో మాయ నుంచి పుట్టే ఒకరకం క్యాన్సర్‌ని మెథోట్రెక్సేట్‌తో నయం చేశారు. అంతకుముందు ఆ జబ్బు ముదిరిందంటే ఆ ఆడవాళ్లు బతకడం చాలా అరుదు. అది చూడటానికి ఆయన లేరు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే నిద్రలో గుండె ఆగి పోయారు.

పరిశోధన మాత్రం ఆగలేదు. గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే, అంతకుముందు వెన్నెముక లోపంతో బిడ్డను కన్న తల్లులకు మళ్లీ అలాంటి బిడ్డ పుట్టడం నాలుగింట మూడు వంతుల దాకా తగ్గుతుందని 1991లో తేలింది. నెల తప్పిన సంగతి మనకి తెలిసేలోపే బిడ్డ వెన్నెముక తయారవుతుంది. అందుకే కొత్తగా పెళ్లయిన పిల్లలకి ముందే చెప్పాలి.

ఇంత జరిగినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మందికి, తెలంగాణలో 57.6 మందికి రక్తహీనత ఉంది. మందు కనిపెట్టి ఇన్నేళ్లయినా అది మన కడుపులోకి పోవడం లేదు. వికారం వస్తుందనీ, విరేచనం నల్లగా అవుతుందనీ మాత్రలు డబ్బాలో దాచేస్తున్నాం. నల్లగా రావడం ఐరన్ వల్లే, భయం లేదు. వికారం ఉంటే రాత్రి అన్నం తిన్నాక వేసుకోండి. టీ, పాలు, కాల్షియం మాత్రతో కలిపి వేసుకోవద్దు. గర్భిణి నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి.

ఇక నుంచి ప్రతి సంఘం మీటింగులో పొదుపు, అప్పు వాయిదా రాసినట్టే, ఎవరింట్లో గర్భిణి ఉంది, మాత్ర వేసుకుంటోందా అని కూడా అడుగుదాం. కొత్త కోడళ్ల పేర్లు ఏఎన్ఎమ్ గారికి ముందే ఇద్దాం.