దామోదరం సంజీవయ్యగారు

2008లో బరాక్ ఒబామా అమెరికా అధ్యక్షునిగా ఎన్నిక కాకమునుపు, నల్లజాతివానికి ఆ పీఠము దక్కునా యని లోకమెల్ల సందేహించినది. అట్టి సందేహమును తెలుగునాట 1960లోనే తీర్చినవారు సంజీవయ్యగారు.

వారు 1921 ఫిబ్రవరి 14న కర్నూలు చెంత పెద్దపాడులో నిరుపేద దళిత కుటుంబమున జన్మించిరి. పసితనముననే తండ్రి గతించెను. కష్టపడి చదివి మద్రాసులో న్యాయశాస్త్ర పట్టము పొందిరి. 1952లో రాజాజీ మంత్రివర్గమున చేరిరి. నీలం సంజీవరెడ్డిగారు కాంగ్రెసు అధ్యక్షులుగా వెళ్ళగా, 1960 జనవరి 11న 38 ఏండ్ల వయస్సున ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి యైరి. దేశమున ఆ పదవి నందిన తొలి దళితుడు వారే. వృద్ధులకు పింఛను ఏర్పాటు చేసిరి.

మేము యానాం వారము. చుట్టును ఆంధ్రభూమియే అయినను, మా ఊరు పుదుచ్చేరి పాలనలోనిది గనుక ఆంధ్ర ఎన్నికలలో మాకు ఓటు లేదు. గట్టున నిలిచి చూచువారమగుటచే మాకొక సంగతి తోచుచున్నది. 1962 ఎన్నికలలో కాంగ్రెసు గెలిచినను, ముఖ్యమంత్రి పదవి తిరిగి సంజీవరెడ్డిగారికే చేరెను. సంజీవయ్యగారు కాంగ్రెసు అధ్యక్షులై ఢిల్లీకి తరలిరి. ఒబామాకు 2012లో ప్రజలే రెండవమారు పట్టము కట్టిరి.

సంజీవయ్యగారు 1972లో కన్నుమూసిరి. వారి పిదప తెలుగుగడ్డపై మరియొక దళితుడు ముఖ్యమంత్రి కాలేదు. ఉగాదికి వారిని తలచుకొను సోదరులు ఇది ఏల జరిగినదో కూడ యోచింపవలెనని మా మనవి.