పేర్లు చెప్పిన దర్శకుడు

ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రసిద్ధుల జీవితం రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగారు. మన దేశనాయకుల గురించి నాకంటే బాగా రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుకని నేను ఒక అమెరికా నాటక, సినిమా దర్శకుని ఎంచుకున్నాను. పేరు ఎలియా కజాన్.

ఇంతదూరం వెళ్లడానికి కారణం చెబుతాను. మా అబ్బాయి న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్నాడు. మేమిద్దరం వాడి దగ్గరికి వెళ్లినప్పుడు హోబోకెన్ అనే ఊళ్లో హడ్సన్ నది ఒడ్డుకు తీసుకెళ్లాడు. అవతలి గట్టున న్యూయార్క్ మేడలు. ఇవతల చక్కని నడకదారులు. ఒకప్పుడు ఇదంతా ఓడల రేవని, ‘ఆన్ ది వాటర్‌ఫ్రంట్’ సినిమా ఇక్కడే తీశారని చెప్పాడు. ఆ రాత్రి ఇంట్లో ఆ సినిమా చూపించాడు. సినిమా అయిపోయాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఎందుకో తరువాత చెబుతాను.

కజాన్ 1909లో ఇస్తాంబుల్‌లో పుట్టారు. టర్కీలో స్థిరపడిన గ్రీకు కుటుంబం. అసలు ఇంటిపేరు కజాన్‌జోగ్లూ. నాలుగేళ్ల వయసులో, 1913లో, తల్లిదండ్రులతో అమెరికా చేరారు. తండ్రి తివాచీల వ్యాపారి. కొడుకు కూడా ఆ వ్యాపారంలోకే రావాలని తండ్రి కోరిక. కొడుకు మాత్రం విలియమ్స్ కాలేజీలో తోటి విద్యార్థులకు భోజనం వడ్డించి, గిన్నెలు కడిగి చదువుకున్నారు. తరువాత యేల్ విశ్వవిద్యాలయంలో నాటకకళ నేర్చుకుని, 1932లో న్యూయార్క్‌లోని గ్రూప్ థియేటర్‌లో చేరారు. చేతికి అందిన పనల్లా చేసేవారట. అందుకే స్నేహితులు ఆయనను గ్యాడ్జెట్ అని పిలిచేవారు.

అవి అమెరికాలో ఆర్థిక మాంద్యం రోజులు. 1934 నుంచి సుమారు ఏడాదిన్నర ఆయన కమ్యూనిస్టు పార్టీ సభ్యులుగా ఉండి, పార్టీ పెత్తనం నచ్చక బయటికి వచ్చేశారు. 1935లో టాక్సీ డ్రైవర్ల సమ్మె మీద క్లిఫర్డ్ ఓడెట్స్ రాసిన నాటకంలో వేషం వేశారు. ఈ ఓడెట్స్ పేరు గుర్తుంచుకోండి.

ఆ తరువాత పదిహేనేళ్లలో ఆయన ఎక్కినంత ఎత్తు ఆ దేశంలో ఏ నాటక దర్శకుడూ ఎక్కలేదనవచ్చు. 1947లో టెనెసీ విలియమ్స్ నాటకం ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’ ఆడించి, 23 ఏళ్ల మార్లన్ బ్రాండోను దేశానికంతకూ చూపించారు. 1949లో ఆర్థర్ మిల్లర్ ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’ ఆడించారు. ఊరూరూ తిరిగి సరుకు అమ్మి, వయసు మళ్లాక కంపెనీకి పనికిరాకుండా పోయిన ఒక మామూలు మనిషి కథ అది. పెన్షన్ లేని వృద్ధాప్యం ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పనక్కరలేదు. ఆ నాటకం 742 ప్రదర్శనలు ఆడింది. 1947లోనే మరో ఇద్దరితో కలిసి యాక్టర్స్ స్టూడియో స్థాపించారు. యూదుల పట్ల వివక్ష మీద తీసిన ‘జెంటిల్‌మన్స్ అగ్రిమెంట్’ సినిమాకు ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ కూడా వచ్చింది.

ఇంతలో కాలం మారింది. అమెరికా ప్రతినిధుల సభ వేసిన విచారణ సంఘం ఒకటి, కమ్యూనిస్టులెవరో తేలుస్తామని సినిమావాళ్లను ఒక్కొక్కరినీ పిలిపించసాగింది. సహకరించనివాళ్లకు సినిమాల్లో పని పుట్టేది కాదు. 1952 జనవరిలో కజాన్‌ను పిలిచినప్పుడు ఆయన తన సంగతి ఒప్పుకున్నారు గాని, ఇతరుల పేర్లు చెప్పలేదు. ఏప్రిల్ 10న మళ్లీ వెళ్లి, గ్రూప్ థియేటర్‌లో తనతో పనిచేసిన ఎనిమిదిమంది పేర్లు చెప్పారు. అందులో ఓడెట్స్ ఒకరు. ఇంకొకరు అప్పటికే కాలం చేశారు. రెండు రోజుల తరువాత న్యూయార్క్ టైమ్స్‌లో తన పనిని సమర్థించుకుంటూ డబ్బిచ్చి ప్రకటన వేయించారు. ఓడెట్స్ కూడా మర్నెలలో అదే సంఘం ముందుకు వెళ్లి పేర్లు చెప్పారు.

ప్రాణస్నేహితుడైన మిల్లర్ ఆయనకు దూరమయ్యారు. 1956లో మిల్లర్‌నూ పిలిచారు. ఆయన పేర్లు చెప్పనన్నారు. మరుసటి ఏడు శిక్ష పడింది, 1958లో పైకోర్టు కొట్టేసింది. కాబట్టి వేరే దారి లేకపోయిందని కజాన్ తరఫున వాదించడం కష్టం.

ఇక నాకు నిద్ర పట్టని సంగతి. ఒక సమ్మె ముగిశాక మా ఆఫీసులో విచారణ జరిగింది. సంతకాల కాగితం సీటు సీటుకూ తిప్పినదెవరని అడిగారు. నాకు ఇద్దరు పసిపిల్లలు, కొత్త ఉద్యోగం. ఎలాగూ అందరికీ తెలిసిందే కదా అనుకుని రెండు పేర్లు వాంగ్మూలంలో రాశాను. ఆ ఇద్దరిలో ఒకాయనకు రెండేళ్లు ఇంక్రిమెంటు ఆపారు. ఆయన రిటైరయ్యేదాకా నా పక్క టేబుల్ దగ్గరే పనిచేశారు. రోజూ మధ్యాహ్నం క్యారియర్ విప్పితే నాకు ఇంత పచ్చడి పెట్టేవారు. నేను ఎన్నడూ చెప్పలేదు. ఆయన ఇప్పుడు లేరు. మా ఇంట్లోవాళ్లు కూడా ఈ సంగతి ఇక్కడే మొదటిసారి చదువుతారు.

కజాన్ వాదన కూడా అదే, ఆ పేర్లు చాలావరకు వాళ్లకు తెలిసినవేనని. తెలిసినవైతే మన నోటితో చెప్పించడం దేనికని నేను ఆనాడు ఆలోచించలేదు.

1954లో విడుదలైన ‘ఆన్ ది వాటర్‌ఫ్రంట్’లో రేవు కూలీ ఒకడు తన యూనియన్ నాయకుల దౌర్జన్యం మీద విచారణలో సాక్ష్యం చెబుతాడు. దెబ్బలు తిని, తూలుతూ లేచి నడుస్తాడు. రాసిన బడ్ షూల్‌బర్గ్ కూడా అంతకుముందు పేర్లు చెప్పినవారే. తనను తప్పుపట్టినవారికి ఈ సినిమాయే తన జవాబని కజాన్ ఒప్పుకున్నారు. దానికి ఎనిమిది ఆస్కార్లు వచ్చాయి. బ్రాండో నటన చూసి తీరాలి. కానీ సినిమాలో సాక్ష్యం చెప్పింది హంతకుల మీద. కజాన్ చెప్పింది పాత స్నేహితుల మీద. ఈ తేడా నాకు అడ్డుపడుతూనే ఉంది.

మరుసటి ఏడు ‘ఈస్ట్ ఆఫ్ ఈడెన్’తో జేమ్స్ డీన్‌ను పరిచయం చేశారు. 1964లో మిల్లర్ నాటకం మళ్లీ ఆయన చేతికే వచ్చింది. అంటే మాటలు కలిశాయన్నమాట. 1988లో పెద్ద ఆత్మకథ రాశారు. క్షమాపణ మాత్రం చెప్పలేదు. 1999లో, 89వ ఏట, గౌరవ ఆస్కార్ ఇచ్చినప్పుడు హాలులో కొందరు లేచి చప్పట్లు కొట్టారు, కొందరు చేతులు కట్టుకుని కూర్చున్నారు. బయట నిరసనలు జరిగాయి. ఆ సంఘటనకు అప్పటికి 47 ఏళ్లు. 2003 సెప్టెంబరు 28న న్యూయార్క్‌లో, 94వ ఏట కన్నుమూశారు.

పిల్లలు విదేశాల్లో ఉన్న మన సభ్యులు, వీలైతే ఆయన 1963లో తీసిన ‘అమెరికా అమెరికా’ చూడండి. టర్కీ నుంచి నానా అగచాట్లు పడి న్యూయార్క్ చేరిన తన తండ్రి సోదరుని కథ. నలుపు తెలుపుల్లో ఉంటుంది, దాదాపు మూడు గంటలు. మా ఆవిడ పూర్తిగా చూసింది.