అలెసాండ్రో వోల్టా

మోటారు సైకిలు బ్యాటరీ మీద 12 అనే అంకె, దాని పక్కన వి అనే ఇంగ్లీషు అక్షరం ఉండటం మీరు గమనించే ఉంటారు. ఆ అక్షరం వోల్టు అనే కొలతకు గుర్తు. ఆ కొలతకు పేరు ఇచ్చిన శాస్త్రజ్ఞుని జీవితాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

అలెసాండ్రో వోల్టా 1745 ఫిబ్రవరి 18న ఉత్తర ఇటలీలోని కోమో పట్టణంలో జన్మించాడు. నాలుగేళ్లు వచ్చేవరకూ ఆయనకు మాటలు రాలేదని చెబుతారు. తండ్రి చిన్నతనంలోనే చనిపోవడంతో బంధువులు పెంచారు. న్యాయవాది కావాలని వారి కోరిక. వోల్టా మనసు మాత్రం విద్యుత్తు మీద ఉంది. ఆయన విశ్వవిద్యాలయంలో చదవలేదు. పుస్తకాలు చదివి, దూరాన ఉన్న శాస్త్రజ్ఞులకు ఉత్తరాలు రాసి సొంతంగా నేర్చుకున్నాడు. ఇంటి దగ్గరే చదువుకుంటున్న మీకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాలనిపించింది. అలాంటి వ్యక్తి 1779లో పావియా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడయ్యాడు.

1791లో బొలోన్యా నగరానికి చెందిన వైద్యశాస్త్ర ఆచార్యుడు గాల్వానీ ఒక వింతను ప్రకటించాడు. చచ్చిన కప్ప కాలికి రెండు రకాల లోహాలను తాకిస్తే అది కొట్టుకుంటుంది. విద్యుత్తు కప్ప శరీరంలోనే ఉందని గాల్వానీ భావించాడు. వోల్టా మొదట ఒప్పుకున్నాడు, తరువాత అనుమానించాడు. విద్యుత్తు కప్పలోది కాకుండా లోహాలది ఎందుకు కాకూడదు? అందుకని కప్పను తీసేసి, రెండు లోహపు ముక్కలను తన నాలుక మీదే పెట్టుకుని చూశాడు. పుల్లని రుచి తగిలింది. నాలుక స్థానంలో ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కను పెట్టాడు.

ఒక వెండి బిళ్ల, ఒక జింకు బిళ్ల, వాటిపై తడి అట్ట. మళ్లీ వెండి, జింకు, అట్ట. ఇలా దొంతరగా పేర్చి పై చివరను, కింది చివరను రెండు చేతులతో తాకితే షాకు కొట్టింది. జతలు పెరిగేకొద్దీ షాకు పెరిగింది. 1800 మార్చి 20న వోల్టా ఈ సంగతిని లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరంలో తెలిపాడు. ఎడతెగకుండా విద్యుత్తునిచ్చే మొదటి సాధనం అదే.

గాల్వానీ దాన్ని చూడలేదు. కొత్త ప్రభుత్వానికి విధేయతా ప్రమాణం చేయనన్నందుకు ఉద్యోగం పోగొట్టుకుని, 1798లో ఆయన మరణించాడు. ఆయన ఓడిపోయాడని అనుకోవడం అన్యాయం. నరాలలో, కండరాలలో స్వల్పంగా విద్యుత్తు ఉంటుంది. ఈనాడు గుండెకు ఇ.సి.జి. తీసేది దాని ఆధారంగానే. వోల్టా చెప్పిందీ పూర్తిగా సరికాదు. లోహాలు తాకడమే చాలునని ఆయన అనుకున్నాడు. నిజానికి జింకులో జరిగే రసాయన మార్పు వల్ల విద్యుత్తు వస్తుంది.

మీ బ్యాటరీ కూడా ఒక దొంతరే. 1859లో ఫ్రాన్సు దేశస్థుడు ప్లాంటే సీసపు రేకులను పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఉంచి, మళ్లీ మళ్లీ చార్జి చేయగల ఘటాన్ని తయారుచేశాడు. 12 వోల్టుల సీసపు బ్యాటరీలో అటువంటి ఘటాలు ఆరు ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. ఆరూ కలిస్తే 12.6.

దాన్ని పరీక్షించే పద్ధతి చూడండి. బ్యాటరీని పూర్తిగా చార్జి చేయించి, కొన్ని గంటలు కదపకుండా ఉంచి, మల్టీమీటరుతో కొలవండి. 12.6 లేదా అంతకు మించి ఉంటే చార్జి నిండుగా ఉన్నట్లు. చార్జి చేశాక కూడా 10.5 దగ్గర ఆగిపోతే ఒక ఘటం పాడైందని అనుమానించాలి. ఎందుకో లెక్క వేసి చూడండి. అయితే ఈ కొలత ఒక్కటే చాలదు. ముసలి బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపించి, పని చెప్పగానే కూలబడుతుంది. కాబట్టి సెల్ఫ్ స్టార్టు నొక్కుతూ మీటరు చూడండి. 9.5 కన్నా కిందికి పడిపోతే బ్యాటరీ బలహీనపడినట్లే. పడకపోతే కొత్తది కొనే ముందు మరొకటి చూడాలి. ఇంజను వేగం పెంచినప్పుడు మీటరు 13.5 నుంచి 14.5 మధ్య చూపాలి. 12 దగ్గరే ఉండిపోతే లోపం చార్జింగు ఏర్పాటులో ఉంది. కొత్త బ్యాటరీ వేసినా కొద్ది రోజుల్లో అదీ దిగిపోతుంది, డబ్బు దండగ. తీగల చివర్లలో తెల్లగా పట్టిన చిలుమును కూడా ముందే శుభ్రం చేసుకోండి. చార్జి అవుతున్న బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల గీయరాదు. దాని నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. వోల్టా మాదిరి నాలుకతో ప్రయత్నించనే కూడదు.

1801లో పారిస్‌లో నెపోలియన్ ఎదుట వోల్టా తన సాధనాన్ని ప్రదర్శించి బంగారు పతకం పొందాడు. 1810లో కౌంట్ బిరుదు వచ్చింది. 1819లో ఉద్యోగం నుంచి విరమించి కోమో చేరాడు. 1827 మార్చి 5న అక్కడే మరణించాడు. 1881లో పారిస్‌లో సమావేశమైన విద్యుత్ శాస్త్రజ్ఞులు వోల్టు అనే పేరును ఆమోదించారు. 1899లో కోమోలో జరిగిన ప్రదర్శనలో మంటలు చెలరేగి ఆయన వాడిన పరికరాలు చాలా కాలిపోయాయి. మిగిలినవాటిని 1928లో ఆ పట్టణ సరస్సు ఒడ్డున ప్రారంభించిన వోల్టా స్మారక భవనంలో భద్రపరిచారు.