గ్రంథాలయమే కృతిగా: అబ్బూరి రామకృష్ణారావుగారి జీవితం

ఆధునికాంధ్ర సాహిత్య చరిత్రలో కొందరి స్థానాన్ని వారి ముద్రిత గ్రంథాల సంఖ్యను బట్టి నిర్ణయించడం సాధ్యం కాదు. అట్టివారిలో అబ్బూరి రామకృష్ణారావుగారు ముఖ్యులు. యౌవనంలోనే కవిగా ప్రసిద్ధి పొందిన వీరు తరువాతి కాలంలో వ్రాసినది స్వల్పం. దీనిని ప్రతిభాక్షయంగా భావించిన వారున్నారు. వారి ఉద్యోగజీవితాన్ని, మిత్రబృందాన్ని కలిపి పరిశీలిస్తే ఈ అభిప్రాయం నిలువదు.

రామకృష్ణారావుగారు 1896లో గుంటూరు మండలం తెనాలి ప్రాంతంలోని అనంతవరంలో జన్మించారు. ఇరువది యేండ్లు దాటీదాటని వయస్సులోనే వెలువరించిన ‘మల్లికాంబ’, ఆ వెనుక వచ్చిన ‘ఊహాగానం’ వారిని భావకవితకు తొలి బాట వేసిన వారిలో ఒకరిగా నిలిపాయి. ‘నదీసుందరి’ నాటిక కూడా వారి రచనయే. ప్రబంధ సంప్రదాయపు పట్టు సడలి, వ్యక్తి హృదయానికి పద్యంలో చోటు దొరకుతున్న సంధికాలమది. ఆ మార్పును తెచ్చిన వారిలో వీరొకరు. తరువాతి కవులు ఆ మార్గాన్ని రాజమార్గంగా చేసుకొన్నారు.

1926లో బెజవాడలో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1930లో విశాఖపట్టణంలోని వాల్తేరుకు తరలివచ్చింది. నేడు ఉక్కునగరంగా పేరొందిన విశాఖకు అప్పటికి ఉక్కు కర్మాగారం లేదు. ఓడరేవు సైతం 1933లో గాని ప్రారంభం కాలేదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1931 నుండి 1936 వరకు వైస్ ఛాన్సలరుగా ఉన్న కాలంలో ఈ సముద్రతీరపు విద్యాపీఠానికి దేశం నలుమూలల నుండి పండితులు వచ్చారు. హుమాయూన్ కబీర్, హీరేంద్రనాథ్ ముఖర్జీ వంటివారు ఇక్కడ అధ్యాపకులు. తెలుగు శాఖలో పింగళి లక్ష్మీకాంతంగారు ఉన్నారు. ఇట్టి వాతావరణంలో విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా పనిచేసినవారు రామకృష్ణారావుగారు.

క్రొత్త విశ్వవిద్యాలయంలో గ్రంథపాలకుని పని పుస్తకాలకు కాపలా కాయడం కాదు. ఏ శాఖకు ఏ గ్రంథం అవసరమో ముందుగా ఎరిగి తెప్పించాలి. వచ్చిన ప్రతిని నమోదు చేసి, విషయానుసారంగా వర్గీకరించి, కర్తపేరు తెలిసినవానికీ, విషయం మాత్రమే తెలిసినవానికీ ఒకే విధంగా దొరికేటట్లు సూచిక సిద్ధపరచాలి. తాళపత్ర ప్రతుల సంరక్షణ వేరొక విద్య. పురుగు, తేమ రెండూ వానికి శత్రువులే. సముద్రపు గాలి వీచే వాల్తేరులో తేమ భయం మరింత ఎక్కువ. ఈ పనిలో కర్తృత్వం కనబడదు. ఎంత చక్కగా నెరవేరితే అంతగా మరుగున పడుతుంది.

ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమం అప్పటికే బలపడింది. విశాఖలోనే 1886లో మంతెన ఆదినారాయణమూర్తిగారు ‘సరస్వతీ నిలయం’ స్థాపించారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. అయితే ప్రజాగ్రంథాలయాల ఉత్సాహానికి శాస్త్రశిక్షణ తోడు కావలసి ఉండెను. మద్రాసులో రంగనాథన్ గారు పంచసూత్రాల గ్రంథాన్ని 1931లో ప్రకటించారు. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గ్రంథాలయశాస్త్ర డిప్లొమా శిక్షణ ఆరంభమైంది. దేశంలో ఇట్టి శిక్షణ నిచ్చిన తొలి విశ్వవిద్యాలయాలలో ఇది ఒకటి.

రామకృష్ణారావుగారి స్నేహాలు ఈ ఉద్యోగంతో పెనవేసికొన్నవి. 1910లో విశాఖలోనే జన్మించిన శ్రీశ్రీ వారికంటె పదునాలుగేండ్లు చిన్న. ‘మహాప్రస్థానం’ గీతాలు రూపుదిద్దుకొన్న దశాబ్దంలో ఆ యువకవికి అబ్బూరివారి సాహచర్యం లభించింది. ‘అనంతం’లో శ్రీశ్రీ వారిని స్మరించారు. భావకవితకు తొలిబాట వేసినవారు దానిని దాటిపోయిన కవిని ప్రత్యర్థిగా చూడక మిత్రునిగా ఆదరించడం గమనింపదగినది. తన యుగం ముగుస్తున్నదని గ్రహించి, వచ్చే యుగానికి చోటిచ్చే ఔదార్యం కవులలో అరుదు.

1942 ఏప్రిల్ 6న విశాఖపై జపాను బాంబులు పడినవి. ఆ యుద్ధకాలంలో విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలి, యుద్ధానంతరం తిరిగి వచ్చింది. రామకృష్ణారావుగారు ఎం.ఎన్. రాయ్ భావాలకు ఆకర్షితులై రాడికల్ డెమొక్రటిక్ పార్టీలోనూ, 1948లో ఆ పార్టీ రద్దయిన పిమ్మట నవ్యమానవవాద ప్రచారంలోనూ పాల్గొన్నారు. నాటకరంగంలో ‘నటాలి’ సంస్థను నెలకొల్పారు. గ్రంథాలయం, నాటక సమాజం, చర్చాగోష్ఠి అనే మూడింటా వారు చేసినది ఒకటే: ఇతరుల ప్రతిభకు వేదిక అమర్చడం.

దీనికి వారు చెల్లించిన మూల్యం తక్కువది కాదు. ‘మల్లికాంబ’ కర్త నుండి పాఠకులు ఆశించిన మహాకావ్యం రాలేదు. మాటగా వెలసిన విమర్శ, సలహాగా అందిన పాండిత్యం కాగితంపై నిలువలేదు. అందుచేత రచనలను మాత్రమే లెక్కించే సాహిత్య చరిత్రలు వారిని కొద్ది పంక్తులతో దాటిపోతాయి.

రామకృష్ణారావుగారు 1979లో పరమపదించారు. కుమారులు వరద రాజేశ్వరరావుగారు సాహితీవేత్తలు. కోడలు అబ్బూరి ఛాయాదేవిగారు ప్రసిద్ధ కథారచయిత్రియే కాక ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసినవారు. కలము, గ్రంథాలయము రెండూ ఆ విధంగా ఒకే ఇంట మరొక తరానికి సాగినవి. వాల్తేరులో పరిశోధకుడు గ్రంథసూచిక తెరచినప్పుడు దాని వెనుక ఒక కవి పరిశ్రమ ఉన్నదని స్మరించడం సముచితం. రామకృష్ణారావుగారి రచనల పట్టికలో ఆ గ్రంథాలయాన్ని కూడా చేర్చినప్పుడే వారి జీవితానికి సమగ్రమైన అంచనా లభిస్తుంది.